జమ్ము పీకే ముందు ఒక్క మాట



ఉగాదికి ముందే జేసీబీ పెట్టి చెరువులో జమ్ము అంతా తీయించాలని, అందుకు సంఘం నిధి నుంచి డబ్బివ్వాలని పోయిన ఆదివారం సమావేశంలో మాట వచ్చింది. మాలో కొందరం వద్దన్నాం. ఆ గొడవలో సగమే చెప్పగలిగాం. మిగతాది ఇక్కడ రాస్తున్నాం, పొడుగైనా ఓపికగా చదవండి.

ముందు మా తప్పు ఒప్పుకోవాలి. మూడేళ్ల కిందట అదే జమ్ము పీకించింది మేమే. ఫోటోలు పెట్టాం, మీరంతా లైకులు కొట్టారు. ఆ వేసవికే నీళ్ల మీద పచ్చని తెట్టె కట్టింది, కట్ట మీద నడిచేవాళ్లు ముక్కు మూసుకున్నారు. జమ్ము తీసినందుకే అలా అయిందని రుజువు చేయలేం, ఆ ఏడు ఎండలూ ఎక్కువే. కానీ తర్వాత చదివినదాన్ని బట్టి మా అనుమానం అటే పోతోంది.

మన కోలారుకి ఏడాది పొడవునా పారే నది లేదు, చెరువులే దిక్కు. బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి, 2018 జూన్‌లో కేసీ వ్యాలీ పైపుల ద్వారా లక్ష్మీసాగర చెరువుకి వదిలారు. రోజుకి 44 కోట్ల లీటర్లు, 126 చెరువులు అన్నది పథకం. రెండు నెలలు తిరగకముందే నురగ కనిపించింది, హైకోర్టు కొన్నాళ్లు ఆపింది, మళ్లీ వదిలారు. బోర్లలో నీళ్లు పైకొచ్చాయి, అది కాదనలేం. కానీ వచ్చేది రెండో దశ వరకే శుద్ధి అయిన నీరు. అందులో మిగిలే నత్రజని, భాస్వరమే ఆ తెట్టెకి మేత.

జమ్ము అవసరం ఇక్కడే. దాని లోపల గాలి గదులుంటాయి. ఆకుల్లోంచి గాలి వేళ్ల దాకా దిగి, కొంత బురదలోకి కారుతుంది. వేరుని అంటుకుని ఆ గాలి తగిలే సన్నని పొరలో ఒక రకం బాక్టీరియా బతుకుతుంది. అది మురుగుని తింటుంది, అమ్మోనియాని నైట్రేటుగా మారుస్తుంది. కొన్ని మిల్లీమీటర్లు దాటితే గాలి ఉండదు. అక్కడ ఇంకో రకం ఆ నైట్రేటుని నత్రజని వాయువుగా మార్చి పైకి పంపేస్తుంది. మొక్క శుద్ధి చేస్తుందంటాం గానీ కష్టంలో పెద్ద వాటా వేళ్ల మీద కాపురమున్న ఈ జీవులదే. జర్మనీలో కేతే సైడెల్ 1950లలోనే నీటిమొక్కలతో మురుగు శుద్ధి మీద ప్రయోగాలు మొదలుపెట్టారు. అంత దూరమెందుకు, బెంగళూరు జక్కూరులో శుద్ధి కేంద్రం నీళ్లు ముందు ఇలాంటి తడినేల గుండా పారి, ఆ తర్వాతే చెరువులో కలుస్తాయి. ఒక ఆదివారం బస్సెక్కి వెళ్లి చూసి రండి.

"జమ్ము చెరువంతా మూసేస్తే?" అని పెద్దాయన ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. వలలు చిక్కుకుంటాయి, దోమల బాధ ఉంది. అందుకే మొత్తం వదిలేయమనట్లేదు. నీళ్లు దిగే చోట అడ్డంగా ఒక పట్టీ ఉంచి, తూము దగ్గరా కట్ట వెంటా తీసేయమంటున్నాం. ఉంచినదాన్ని కూడా ఏడాదికోసారి కొయ్యాలి, వేళ్లు పీకకుండా. కోసింది గట్టు మీదే కుళ్లనిస్తే అది మింగిన భాస్వరం మళ్లీ నీళ్లలోకే పోతుంది. బయటికి మోయాల్సిందే.

ఇది అన్ని రోగాలకీ మందు కాదు. సీసం, క్రోమియం లాంటివాటిని బాక్టీరియా తినేయలేదు, అవి వేళ్లలో, బురదలో పోగవుతాయంతే. పచ్చి మురుగుని ఈ పద్ధతిలోనే శుద్ధి చేయాలంటే మన వెచ్చని ఊళ్లలో కూడా మనిషికి ఒకటి నుంచి మూడు చదరపు మీటర్ల నేల కావాలి. కాబట్టి రైతులు అడుగుతున్న మూడో దశ శుద్ధిని మనమూ అడుగుతూనే ఉండాలి. జమ్ము ఉంది కదా అని అధికారులు చేతులు దులుపుకోవడానికి మా పోస్టుని సాక్ష్యంగా చూపితే ఒప్పుకోం.

జేసీబీకి అనుకున్న డబ్బులో సగం కూలివాళ్లకిచ్చి కొడవళ్లతో కోయిద్దాం. మిగతా సగంతో మూడు నెలలకోసారి పట్టీకి ముందూ తర్వాతా నీళ్లు పట్టి ల్యాబుకి పంపుదాం. ఏడాదిలో అమ్మోనియా తగ్గలేదంటే వచ్చే ఉగాదికి జేసీబీని మేమే పిలుస్తాం. ఈ ఆదివారం ఓటుకి తప్పక రండి.