చక్రాల మీది గది ఎవరికి?

ఇంటిని బండికి తగిలించుకుని తిరగడం ఇప్పుడు స్వేచ్ఛకి కొత్త గుర్తు. మన మిత్రుల్లోనే కొందరు దీన్ని స్త్రీల విముక్తి యాత్రగా రాస్తున్నారు. ఆ వ్యాసాల పక్కన ఎప్పుడూ ఒకటే ఫొటో: తెరిచిన తలుపు, ఎదురుగా సముద్రం, చేతిలో కాఫీ కప్పుతో ఒక స్త్రీ. కాఫీ కాచిన గిన్నె ఎవరు తోమారో ఆ ఫొటోలో కనపడదు. నా తగాదా ఆ గిన్నె దగ్గరే మొదలవుతుంది.

ముందు ఆ వస్తువేమిటో చెప్పుకోవాలి. సైన్యాలు వైర్‌లెస్ పరికరాలూ మరమ్మతు సామానూ పెట్టుకునే పెట్టెలాంటి గదిని షెల్టర్ అంటారు. రెండు అల్యూమినియం రేకుల మధ్య గట్టి నురుగు పొర, ఒక తలుపు, లారీ మీదికో ట్రైలర్ మీదికో ఎత్తి బిగించుకునే వీలు. వాడకం తీరాక వేలం వేస్తారు. అమెరికాలో అలాంటివి కొని సోలార్ పలకలు, బ్యాటరీ, నీళ్ళ ట్యాంకు పెట్టుకుని కరెంటు తీగతో పనిలేని విడిదిగా మార్చుకోవడం ముఖ్యంగా మగవాళ్ళ వ్యాపకం. రెండో ప్రపంచయుద్ధం తర్వాత మిలటరీ డిస్పోజల్ జీపులు తిరిగిన దేశం మనది కూడా. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే చేతులకి ఇదొక లెక్క కాదు. తెనాలిలో అయితే పాత ఇనుప సామానుతో ఏకంగా విగ్రహాలే చేస్తారు (ఎక్కువగా గొప్ప మగవాళ్ళవి!).

తెనాలిలో నాకు తెలిసిన ఒకాయన ఇలాంటి పాత పెట్టె సంపాదించి ట్రైలర్ మీద బిగించుకున్నాడు. సెలవుల్లో భార్యతో సూర్యలంక వెళ్ళొచ్చని ఆశ. మంచి మనిషే. లెక్కల కాగితం కూడా చూపించాడు. 400 వాట్ల సోలార్ పలకలు ఎండ బాగా కాస్తే రోజుకి రెండు యూనిట్లకి కాస్త తక్కువగా ఇస్తాయి. ఫ్యాను, లైట్లు, ఫోన్లు, లాప్‌టాప్, చిన్న ఫ్రిజ్, పాటల పెట్టె. మిక్సీ లేదు. ఇండక్షన్ పొయ్యి లేదు. 2000 వాట్ల పొయ్యి పూర్తి మంట మీద అరగంట వెలిగితే ఒక యూనిట్ హరించుకుపోతుంది. కనుక ఆయన్ని తప్పుపట్టలేను. మరి తిండి? "పొడులూ పచ్చళ్ళూ ఇంటి దగ్గరే చేసుకుని తెచ్చుకుంటాం" అన్నాడు. ఆ 'చేసుకుని'కి కర్త ఎవరో కనుక్కోడానికి సాహిత్యంలో డాక్టరేట్ అక్కర్లేదు. బయట గ్రిడ్‌తో తెగతెంపులు చేసుకున్న ఆ బండి ఇంటి వంటగదిలోని మరో గ్రిడ్ మీద నడుస్తోంది. దానికి మీటరు లేదు, బిల్లు రాదు.

నీళ్ళ సంగతి ఇంకా తమాషా. ఇద్దరికి రెండు రోజులకి 120 లీటర్లు. అంటే మనిషికి రోజుకి 30. లీటరు నీళ్ళంటే కిలో బరువు కాబట్టి ట్యాంకు పెంచితే ఇరుసు మీద భారం పెరుగుతుంది. ఆ 30 లీటర్లలోనే స్నానం, గిన్నెలు, తాగడం. నెలసరి రోజుల ఊసే కాగితంలో లేదు. అడిగితే ఆయన తడబడ్డాడు, ఆవిడ నవ్వింది. మరుగుదొడ్డికి అడుగున తీసి పారబోసే డబ్బా. ఎవరు పారబోస్తారన్న ప్రశ్నకి, "ఎవరో ఒకరు దొరుకుతారులెండి" అన్నాడు. ఆ ఎవరో ఒకరి కులం మనందరికీ తెలుసు. మనుషుల చేత పాకీపని చేయించకూడదని 2013లో చట్టం వచ్చిందన్నదీ తెలుసు.

స్త్రీలకి ప్రయాణం వద్దని నేనంటున్నానా? ఎలా అంటాను? పరిశోధన కోసం రేపల్లె ప్రాంతంలో తిరిగిన రోజుల్లో, ఒంటరి ఆడమనిషికి గది ఇవ్వమన్న లాడ్జి మెట్లు దిగి ఆఖరి రైలు కోసం పరిగెత్తినదాన్ని. చక్రాల మీద ఒక గది ఉంటే ఎంత బావుండునని నాకంటే ఎక్కువ ఎవరనుకుంటారు? కానీ కదిలే ఇల్లు ఎవరి చేతిలో ఉంటే స్వేచ్ఛ, ఎవరి చేతిలో ఉంటే నేరం అయిందన్నది ఈ నేల మీదే రాసి ఉంది.

బాపట్ల నుంచి చీరాల వైపు రైల్లో వెళ్తే స్టువార్టుపురం వస్తుంది. ఎరుకల కుటుంబాలు గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని ఊరూరా తిరిగి బతికేవి. రైళ్ళొచ్చి ఆ వ్యాపారాన్ని దెబ్బతీశాయి. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911 సవరణతో మద్రాసు రాజ్యంలోకీ వచ్చాక, ఇల్లు వెంటేసుకు తిరగడమే అనుమానానికి కారణమైంది. 1913-14 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ చేతుల మీదుగా ఇక్కడ సెటిల్‌మెంటు పెట్టారు. హాజరు పలకాలి, అనుమతి లేకుండా కదలకూడదు. ఈ చరిత్రని మీనా రాధాకృష్ణ 'డిజానర్డ్ బై హిస్టరీ' (2001)లో వివరంగా రాశారు. చట్టం 1952లో రద్దయింది. ముద్ర పోయిందా? ఆ ఊరి పేరు చెప్పగానే జనం మొహాల్లోకి చూడండి. కేరళ ప్రభుత్వం 2021లో కేరవాన్ పర్యాటకానికి ఒక విధానమే తెచ్చింది. తేడా చక్రాల్లో లేదు, కూర్చున్నవాళ్ళలో ఉంది.

ఇక రేపల్లె. 2022 మే 1 తెల్లవారుజామున, పనికోసం వెళ్తూ అర్ధరాత్రి రైలు దిగిన వలసకూలీ కుటుంబం తెల్లారేదాకా రైల్వే స్టేషన్ ప్లాట్‌ఫారం మీదే పడుకుంది. భర్తని కొట్టి ఆమె మీద సామూహిక అత్యాచారం చేశారు. కూలికి వెళ్ళే స్త్రీలకి గ్రిడ్ బయటి బతుకు సరదా కాదు. గోడ లేని, గడియ లేని, దీపం లేని రాత్రి అది. ఆ నెలల్లో మనం ఖండన ప్రకటనలు రాశాం, సంతకాలు చేశాం. ఒక్క గది అడిగామా?

ఈ తీరంలో షెల్టర్ అంటే తుఫాను షెల్టర్. 1977 నవంబరు 19 ఉప్పెనలో బాపట్లలో చర్చిలో తలదాచుకున్నవాళ్ళు అది కూలి చనిపోయారు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. 2024 సెప్టెంబరులో కృష్ణ పొంగి లంక గ్రామాలు మునిగాయి. కట్ట మీద గుడారం వేసుకున్న స్త్రీ చీకటి పడేదాకా ఆపుకుని కూర్చోవడం ఏ నష్టపరిహారం జాబితాలోనూ ఎక్కదు.

కాబట్టి అదే పెట్టె, అదే 400 వాట్లు, వేరే లెక్క. 9 వాట్ల దీపాలు నాలుగు, రాత్రి 12 గంటలు వెలిగినా అర యూనిట్ కాదు. మిగిలిన కరెంటుతో ఫ్యాన్లు తిరుగుతాయి, ఫోన్లు చార్జవుతాయి. రెండు మరుగుదొడ్లు, ఒక స్నానాల గది, బిడ్డకి పాలిచ్చేందుకు తెర. నీళ్ళు ట్యాంకర్‌తో వస్తాయి, మోసుకు రానక్కర్లేదు. మురుగుని మునిసిపాలిటీ మిషన్ లాగుతుంది, మనిషి ముట్టుకోడు. వలస పనుల రోజుల్లో స్టేషన్ పక్కన, వరదప్పుడు కట్ట మీద. తాళంచెవి ఆ ఊరి కూలీ స్త్రీల సంఘం దగ్గర. ఉప్పుగాలికి ఇనుప చట్రం తుప్పు పడుతుంది, ఏటా రంగు వేయించాలి, ఆ ఖర్చు ఇప్పుడే అంచనాలో రాయాలి. పెట్టె తలుపుకి లోపలివైపు గడియ వేయించి, బయటి గొళ్ళెం ఊడపీకించాలి.