గ్రావిటీ సర్వే బోరు పాయింట్ చూపిస్తుందా?

చిన్న రైతుకు బోరు వేయడమంటే ఏడాది కష్టాన్ని పణంగా పెట్టడమే. అందుకే ‘కొత్త మెషిన్’, ‘శాటిలైట్ సర్వే’ అనగానే ఆశ పుడుతుంది. గ్రావిటీ సర్వేతో ఏం తెలుస్తుందో, ఏం తెలియదో డబ్బు కట్టే ముందే తెలుసుకోవాలి.

సర్వే ఎలా చేస్తారు?

భూమి అన్నిచోట్లా ఒకే బలంతో లాగదు. కింద బరువైన రాయి ఉంటే ఆకర్షణ కాస్త ఎక్కువ. తేలికైన ఇసుక, మట్టి పొరలు మందంగా ఉంటే కాస్త తక్కువ. ఈ తేడాను గ్రావిమీటర్ కొలుస్తుంది. సిబ్బంది పరికరాన్ని నేలపై పెట్టి, రీడింగ్ తీసుకుని ముందుకు వెళతారు. తవ్వడం, పేల్చడం ఉండదు.

ఎక్కడ పనికొస్తుంది?

పెద్ద నిర్మాణాలకు పనికొస్తుంది. కృష్ణా, గోదావరి డెల్టాల కింద పాత గట్టి రాయి కొన్నిచోట్ల గట్టులా పైకి లేచి, కొన్నిచోట్ల లోతుగా దిగి ఉంటుంది. చమురు, గ్యాస్ వెతికేవారికి ఆ ఎత్తుపల్లాలు తెలియడంలో గ్రావిటీ సర్వేలు తోడ్పడ్డాయి. బరువైన ఖనిజాల వెతుకులాటలోనూ వాడతారు.

బోరుకు ఎందుకు చాలదు?

తెలంగాణ, రాయలసీమల్లో చాలా భాగం గట్టి రాతి నేల. నీరు పైనున్న మెత్తబడిన రాయిలో, దాని కింది పగుళ్లలో ఉంటుంది. సన్నని పగులు వల్ల ఆకర్షణలో వచ్చే మార్పు చాలా స్వల్పం. నేల ఎత్తు కొలవడంలో జరిగే చిన్న పొరపాటులోనే అది కలిసిపోతుంది. పొలం స్థాయిలో ఎక్కువగా వాడేది కరెంటు పంపి చూసే రెసిస్టివిటీ సర్వే. అది కూడా నీళ్లకు గ్యారంటీ కాదు, అంచనాను మెరుగుపరుస్తుంది అంతే.

ఆకాశం నుంచి ఏం కనిపించింది?

2002లో పంపిన గ్రేస్ జంట ఉపగ్రహాలు భూమి ఆకర్షణలో నెలనెలా వచ్చే మార్పును కొలిచాయి. 2009లో వెలువడిన అధ్యయనం ప్రకారం, 2002–2008 మధ్య రాజస్థాన్, పంజాబ్, హరియాణాల్లో 109 ఘనపు కిలోమీటర్ల భూగర్భ జలం తగ్గింది. అంటే సుమారు 3,850 టీఎంసీలు. నాగార్జునసాగర్ నిండితే పట్టే నీటికి 12 రెట్లు. ఆ ఏళ్లలో వానలు దాదాపు మామూలుగానే కురిశాయి. తోడకమే ఎక్కువైంది. 2018లో పంపిన కొత్త జంట ఇప్పుడు ఆ పని చేస్తోంది.

ఈ ఉపగ్రహాలు వందల కిలోమీటర్ల ప్రాంతాన్ని ఒక్కటిగా చూస్తాయి. మీ సర్వే నంబరులో నీళ్లున్నాయో లేదో చెప్పలేవు. కానీ వాటి హెచ్చరిక మనకూ వర్తిస్తుంది: ఇంకిన దానికన్నా ఎక్కువ తోడితే ఎంత లోతు బోరైనా ఎండుతుంది.

రైతులు చేయాల్సినవి

- ‘ఉపగ్రహంతో మీ పొలంలో పాయింట్ చూపిస్తాం’ అంటే డబ్బు ఇవ్వకండి.
- ఏ పరికరం, ఏ పద్ధతి వాడతారో అడగండి. రీడింగులతో రాతపూర్వక రిపోర్టు తీసుకోండి.
- చుట్టుపక్కల బోర్ల లోతు, ఎండిన సంవత్సరం, వేసవిలో నీటి ధార రాసి పెట్టుకోండి.
- జిల్లా భూగర్భ జల శాఖలో మీ ప్రాంత నీటిమట్టం వివరాలు అడగండి.
- కొత్త బోరుకు వాల్టా చట్టం కింద అనుమతి తీసుకోండి.
- రెండో బోరుకు ముందు ఫారం పాండ్, డ్రిప్ గురించి ఆలోచించండి.