చూడకుండా కొనేవారు

నరసరావుపేటలో మా సంఘపు సహోదరి ఒకామె పట్టుదారపు గాజులు, పూసల దండలు స్వయంగా చేసి ఈమధ్య ఇంటర్నెట్టులో అమ్మకానికి పెట్టింది. చూచి సంతోషించాము గాని కొన్ని సంగతులు చెప్పక తప్పలేదు. గాజు సైజు వ్రాయలేదు. రెండు-ఆరు అంటే లోపలి అడ్డకొలత రెండంగుళాల మీద పదహారింట ఆరు వంతులు, సుమారు 60 మిల్లీమీటర్లు. అది తెలియక కొంటే గాజు చేతికెక్కదు. బంగారు రంగు పూసలను 'బంగారు పూసలు' అన్నది. బందరు చిలకలపూడి నగలు కవరింగు నగలుగానే పేరు పొందినవి, అందులో చిన్నతనమేమున్నది? 2020 నాటి ఆన్‌లైన్ వ్యాపార నియమాల ప్రకారం వాపసు షరతులు కూడా ముందే తెలుపవలెను. ఆమె కొంచెం నొచ్చుకొన్నది, గాని ఆ రాత్రే అన్నీ దిద్దుకొన్నది. వస్తువును చేతపట్టి చూడకుండానే డబ్బు పంపేవారు మన మాటను నమ్మి పంపుచున్నారు. ఆ నమ్మకమును పోగొట్టుకొనకుందుము.