ఖిద్మత్ సరే, ఖుద్దారీ మాటేమిటి?



ఈసారి సియాసత్ లేదు, మస్లకుల బహస్ లేదు. ఒక ఔజార్ గురించి రాస్తున్నా. మెకానిక్ షెడ్లలో మీరు చూసే ఉంటారు. పెన్సిలంత లావు, స్ప్రింగులా చుట్టిన పొడవాటి గొట్టం. ఒక చివర సూదిమందు పిచికారీకి ఉన్నట్టు నొక్కే బొడిపె. బొటనవేలితో దాన్ని నొక్కితే రెండో చివర నుంచి నాలుగు సన్నటి ఉక్కు తీగలు పిల్లి గోళ్లలా బయటికొచ్చి విచ్చుకుంటాయి. వదిలితే లోపలి స్ప్రింగు వాటిని వెనక్కి లాగుతుంది, మధ్యలో ఏది దొరికితే దాన్ని పట్టుకుని మరీ. మామూలుగా రెండడుగులుంటుంది, ఇంకా పొడవైనవీ ఉన్నాయి. పాములా ఎటు కావాలంటే అటు వంగుతుంది. ఇంజను సందులో జారిపడిన నట్టును బయటికి లాగడానికి మిస్త్రీలు వాడేది ఇదే. షాపులో పికప్ టూల్ అని అడిగితే ఇస్తారు. సాదా రకం కొన్ని వందల రూపాయల్లోనే వస్తుంది.

ఇది మిస్త్రీ దగ్గర ఉంటే సరిపోదు, బుజుర్గులున్న ప్రతి ఇంట్లో మంచం పక్కన మేకుకి వేలాడాలి అనేది నా రాయ్.

ఈ మాట మస్జిద్ బయట అంటే ఒక పెద్దాయన నవ్వారు. “ఇంటినిండా పిల్లలున్నారు మియా, ఒక్క కేక వేస్తే తీసిస్తారు. దానికో కట్టె కొనాలా? రేపు అమ్మీకి నీళ్లివ్వడానికి కూడా మిషన్ పెడతావా?” అన్నారు. ఆయన ఏతరాజ్ చిన్నది కాదు. మన ఇళ్లలో మా బాప్ ఖిద్మత్‌కి ఉన్న స్థానం అందరికీ తెలుసు. వాళ్ల చేతికి ఒక ఔజార్ ఇవ్వడం అంటే “ఇక నీ పని నువ్వే చూసుకో” అని చెప్పినట్టు వినిపిస్తుంది. అందుకే దీనికి జవాబు తీరిగ్గా చెప్పాలి.

ముందు ఆ “ఇంటినిండా పిల్లలు” సంగతి చూద్దాం. పొద్దున తొమ్మిదింటికి ఏ ఇంట్లో ఎవరున్నారు? పిల్లలు స్కూలుకీ, కొడుకు దుకాణానికీ వెళ్లిపోతారు. కోడలు కూడా ఉద్యోగం చేస్తుంటే సాయంత్రం దాకా ఇంట్లో మిగిలేది దాదీ ఒక్కతే. కోడలు ఇంట్లోనే ఉంటే ఆమె పొయ్యి దగ్గర ఉంటుంది. పిలుపు వింటే పిండి చేతులు కడుక్కుని రావాలి, మంచం కిందికి వంగాలి, మళ్లీ వెళ్లాలి. ఖిద్మత్ గురించి మగవాళ్లం మస్జిద్ మెట్ల మీద కూర్చుని మాట్లాడతాం. వంగేది మాత్రం బహూ. ఆ పెద్దాయన రోజుకి ఎన్నిసార్లు వంగుతారో నేను అడగలేదు, అదబ్ కాదని.

ఇక పిలిచేవాళ్ల సంగతి. మా అమ్మీకి డెబ్బై దాటాయి. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి, నమాజ్ కుర్చీ మీదే. కుర్చీలోంచి సజ్దాకి వంగడమే కష్టమైన మనిషికి నేల ఎంత దూరమో ఆలోచించండి. పైగా వయసుతో వేళ్ల పట్టు తగ్గుతుంది, అందుకని చేతిలోవి జారడమూ ఎక్కువే. తస్బీహ్ జారుతుంది. సుర్మాదానీ మూత జారుతుంది. సూది, గుండీ, ఐనక్ మరమేకు, పాన్‌దాన్‌లోంచి వక్క, మాత్ర. మొదటిసారి పడితే గట్టిగా పిలుస్తుంది, “బేటా, జరా ఇది తీసివ్వు” అని. రెండోసారి గొంతు తగ్గిస్తుంది. మూడోసారి పిలవదు.

నా బాధంతా ఆ మూడోసారి గురించే. ముసీబత్ అంతా అక్కడే మొదలవుతుంది. పిలవని మనిషికి రెండే దారులు. ఒకటి, తనే వంగడం. బీపీ మందులు వాడే చాలామందికి వంగి లేచినప్పుడు రక్తపోటు ఒక్కసారి పడిపోయి కళ్లు తిరుగుతాయి. మంచం అంచున కూర్చుని ముందుకి వంగిన ముసలి శరీరం తూలితే ఆపేది ఏదీ ఉండదు. తుంటి ఎముక విరిగిన బుజుర్గులు మన మొహల్లాల్లో ఎందరో. ఆపరేషన్ అయి లేచినా మళ్లీ మునుపటిలా నడవని వాళ్లే ఎక్కువ కనిపిస్తారు. ఒక వక్క ముక్కకీ ఒక గుండీకీ అంత ఖరీదు!

రెండో దారి, పడిన చోటే వదిలేయడం. ఇది ఇంకా ఖతర్నాక్. మంచం కిందకి దొర్లిన మాత్ర అక్కడే ఉండదు. పాకే బిడ్డకి ఇంట్లో అందరికంటే ముందు కనిపించేది మంచం కింది నేలే. షుగర్‌కి చాలామంది వాడే గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర ఒక్కటి మింగినా పసిబిడ్డ రక్తంలో షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. అదీ వెంటనే కాకపోవచ్చు, కొన్ని గంటలు మామూలుగా ఆడుకుని తర్వాత సోలిపోవచ్చు. అలాగే బటన్ సెల్. రిమోట్లలో, వంటింటి తూకం మిషన్లలో, వేలికి తొడుక్కునే డిజిటల్ తస్బీహ్‌లలో ఉండే గుండ్రటి బ్యాటరీ. బిడ్డ మింగినప్పుడు అది గొంతు కింద ఆహారనాళంలో ఇరుక్కుంటే, కారకపోయినా, తడి తగిలి కరెంటు పారి చుట్టూ ఉన్న కండని కాల్చేస్తుంది. రెండు గంటల్లోనే తీవ్రంగా కాలే అవకాశం ఉంది. మింగిందన్న అనుమానం ఉంటే చాలు, వాంతి చేయించొద్దు, మంత్రించిన నీళ్లకోసం ఆగొద్దు, నేరుగా పెద్ద హాస్పిటల్‌కి పరిగెత్తాలి. ఇంకో మాట, ఎవరికైనా ఆలోచన వస్తుందేమోనని చెబుతున్నా: ఈ ఔజార్‌ని బిడ్డ గొంతులోకీ ముక్కులోకీ చెవిలోకీ ఏ హాలత్‌లోనూ పెట్టకూడదు. అది ఇనుప గోళ్ల చీజ్, నేల కోసం, సందుల కోసం.

అంటే దాదీ తన మాత్ర తను తీసుకోగలగడం అనేది దాదీ సుఖం ఒక్కటే కాదు, మనవడి హిఫాజత్ కూడా.

ఇప్పుడు ఖిద్మత్ బహస్‌కి వద్దాం. సహీహ్ ముస్లింలో ఒక రివాయత్ ఉంది, మీలో చాలామంది వినే ఉంటారు. అవ్ఫ్ బిన్ మాలిక్ (రజి) చెప్పింది. కొందరు సహాబాలు రసూలుల్లాహ్ (స) దగ్గర బైఅత్ చేశారు, అందులో ఒక మాట, మనుషుల్ని ఏదీ అడగబోమని. ఆ తర్వాత వాళ్లలో కొందరి చేతి కొరడా కింద పడినా, అది అందివ్వమని ఎవరినీ అడగలేదట. పడిన చీజ్‌ని ఇంకొకరు తీసివ్వడం తప్పని దీని అర్థం కాదు, తీసిచ్చేవాళ్లకి సవాబ్ ఎటూ ఉంది. కానీ అడగకుండా ఉండాలనుకునే మనసుకి దీన్‌లో ఎంత ఇజ్జత్ ఉందో చూడండి. మన బుజుర్గుల దువా మీరు రోజూ వినేదే: “యా అల్లాహ్, ఎవరికీ మొహతాజ్ చెయ్యకు, చల్తే ఫిర్తే ఉఠాలే.” ఆ దువాకి మనం ఆమీన్ అంటాం. ఆ మొహతాజీ రోజుకి పదిసార్లు మంచం కింద ఎదురవుతుంటే మాత్రం “పిలు, మేం ఉన్నాం కదా” అంటాం. పిలవడమే వాళ్లకి తక్లీఫ్ అని మనకి తోచదు. వాళ్లకి ఏం కావాలో అది అమర్చడం కూడా ఖిద్మతే. ముసలివాళ్ల చేతికర్ర కొనిచ్చిన కొడుకుని నడిపించే బాధ్యత వదిలించుకున్నాడని ఎవరూ అనరు కదా.

అసలు మనకి ఈ ఔజార్ కొత్తదేమీ కాదు. బావులున్న రోజుల్లో చేద తెగి నీళ్లలో పడితే పాతాళగరిగె వేసేవాళ్లు. గుత్తిగా కొక్కేలున్న ఇనప చీజ్, తాడు కట్టి దించి తిప్పితే ఏదో ఒక కొక్కేనికి బొక్కెన తగులుకునేది. ప్రతి ఇంట్లో ఉండేది కాదు, బజారుకొకటి. ఖాన్‌సాబ్ ఇంట్లో ఉంటే రెడ్డిగారింటి నుంచి వచ్చి అడిగి పట్టుకెళ్లేవాళ్లు, వాళ్లింట్లో ఉంటే మనవాళ్లు వెళ్లేవాళ్లు. కుట్టుమిషన్ ఉన్న ఆడవాళ్లయితే పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతానికి దారం కట్టి సూదులు ఏరేవాళ్లు. ఇదీ ఆ ఖాందాన్‌దే.

కొనేటప్పుడు ఏం చూడాలి అని అడుగుతారు కాబట్టి చెబుతా. రెండు రకాలున్నాయి, రెండూ ఒకటే అనుకోవద్దు. వంగే స్ప్రింగు రకం సందుల కోసం: అల్మారీ వెనక, ఫ్రిజ్ కింద, సోఫా మడతల్లో. ఒకచేతి ట్రిగ్గర్ నొక్కితే దవడలు మూసుకునే గట్టి కర్ర రకం ఇంకోటి ఉంది, అది ఖాళీ నేల మీద పడిన తస్బీహ్, దస్తీ, అఖ్బార్ లాంటి వాటికి. కుర్చీలో కూర్చున్న మనిషికి రెండోదే హాయి, ఎందుకంటే స్ప్రింగు రకం చివర వాలిపోతుంది, రెండో చేత్తో కాస్త దారి చూపాలి. వేళ్లలో బలం బొత్తిగా లేనివాళ్లకి ఆ బొడిపె నొక్కడం కూడా కష్టమే. అందుకే దుకాణంలో వాళ్ల చేతే నొక్కించి చూసి కొనండి, మీ చేత్తో కాదు.

చివర చిన్న లైటు ఉన్నది దొరికితే అదే తీసుకోండి, మంచం కింద చీకట్లో అదే సగం పని చేస్తుంది. అయస్కాంతం ఉన్న రకం సూదులకి, ఇనప మేకులకి బాగుంటుంది. బంగారం, వెండి, ఇత్తడి, రాగి దానికి అంటవు. వాష్ బేసిన్ గొట్టంలో ఉంగరం పడితే గోళ్లే పనికొస్తాయి. ముందు నీళ్లు కట్టేయాలి, పైన జాలీ ఉంటే విప్పాలి, మెల్లగా దించాలి. తోస్తే ఇంకా లోపలికి పోతుంది. అందకపోతే పంతం వద్దు, కింద బకెట్ పెట్టి ఆ వంపు గొట్టం విప్పితే ఉంగరం చాలాసార్లు అక్కడే ఉంటుంది. గుండె దగ్గర పేస్‌మేకర్ పెట్టించుకున్నవాళ్లు అయస్కాంతం రకాన్ని ఛాతీకి దగ్గరగా తేకూడదు, వాళ్లకి సాదా రకమే ఇవ్వండి. కరెంటు బోర్డులో, ప్లగ్గులో ఉన్న మిక్సీలో, ఇన్వర్టర్ బ్యాటరీ దగ్గర దీన్ని అసలు వాడొద్దు. ఇది నిలువెల్లా లోహం.

దానివల్ల కాని పనులూ ఉన్నాయి. నేలకి అతుక్కున్నట్టు పడిన రూపాయి బిళ్లని గోళ్లు పట్టలేవు, జారుతుంది. మెత్తటి మాత్రని గట్టిగా పడితే పొడి అవుతుంది. దొరికిన మాత్రని మళ్లీ వేసుకోవడం కాదు కదా మన మక్సద్, పొడైనా సరే, ఆ పొడిని తడిగుడ్డతో తుడిచేయాలి.

ఈద్‌కి మనం బుజుర్గులకి ఏం కొంటాం? జానమాజ్, అత్తర్, దుపట్టా. అమ్మీ పెట్టెలో మడత విప్పని జానమాజ్‌లు నాలుగున్నాయి. ఈసారి తోహ్ఫాగా ఇది కొనండి. ఇచ్చేటప్పుడు “నువ్వు ముసలిదానివయ్యావు కాబట్టి” అనే ధోరణి పొరపాటున కూడా వద్దు. ఇంట్లో అందరికీ అని చెప్పి, వాళ్ల మంచం పక్కన మేకు కొట్టి తగిలించండి. అల్మారీలో పెట్టి తాళం వేస్తే దాన్ని తీసివ్వమని మళ్లీ ఎవరినో పిలవాలి.

మా ఇంట్లో దాంతో వచ్చిన షికాయత్ ఒక్కటే. పిల్లలు దాన్ని మొసలి అని పేరు పెట్టి ఆటకి ఎత్తుకుపోతున్నారు. అమ్మీ గుస్సా అయితే రెండోది కొన్నాం. అది వాళ్లది, ఇది ఆమెది.