తొమ్మిది వేల ఎస్‌ఎంపీఎస్ మన ఊళ్ళకి అవసరమా? మూడు ఇళ్ళలో వాడాక నా మాట

డెస్క్‌టాప్ కొనేటప్పుడు మనవాళ్ళు ప్రాసెసర్ గురించి వారం ఆలోచిస్తారు, గ్రాఫిక్స్ కార్డ్ గురించి నెల ఆలోచిస్తారు. ఎస్‌ఎంపీఎస్ దగ్గరికొచ్చేసరికి "కేబినెట్‌తో పాటు ఏదో ఒకటి వేసి ఇచ్చేయండి" అంటారు. నేనూ అలా అన్నవాణ్ణే. మా బావా అంతే. ఆయనకి ఆ మాట ఖరీదు రెండు పెళ్ళిళ్ళు.

బావ బాపట్లలో ఇంట్లోనే కూర్చుని పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తారు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. కరెంటు పోయింది. తర్వాత వచ్చింది కానీ ఒక్కసారిగా కాదు, వస్తూ పోతూ వచ్చింది. కాసేపు లైట్లు మసగ్గా, కాసేపు కళ్ళు చెదిరేలా. ఆ రాకపోకల్లో కేబినెట్‌తో వచ్చిన "450 వాట్ల" ఎస్‌ఎంపీఎస్ టప్పుమంది. అది పోతే పోయింది, వెయ్యి రూపాయల వస్తువు. పోతూ పోతూ హార్డ్ డిస్క్‌ని కూడా తీసుకుపోయింది. కార్తీకంలో తీసిన రెండు పెళ్ళిళ్ళ ఫుటేజీ అందులోనే ఉంది. మెమరీ కార్డులు అప్పటికే ఫార్మాట్ చేసేశారు. విజయవాడలో డేటా రికవరీ వాళ్ళకి చూపిస్తే లాభం లేదన్నారు. బావ రెండిళ్ళకీ వెళ్ళి అడ్వాన్సు తిరిగిచ్చి వచ్చారు. ఒక ఇంట్లో పెళ్ళికూతురి తల్లి అసలేమీ అనలేదట. తిట్టినా బాగుండేదిరా, అంది అక్క.

అప్పుడు అడిగారు నన్ను. "ఏరా, నువ్వు వాడేది తొమ్మిది వేలట కదా. అది పెట్టి ఉంటే ఇలా జరిగేది కాదా?"

ఆ రోజు నా దగ్గర సరైన జవాబు లేదు. ఇప్పుడు కొంచెం ఉంది.

నాది కోర్సెయిర్ ఆర్‌ఎం750ఇ. 2023 వేసవిలో తెనాలి ఇంటికి కొన్నాను, 9,400 పడింది. 750 వాట్లు, 80 ప్లస్ గోల్డ్, కేబుళ్ళన్నీ విడిగా ఊడొచ్చే రకం, ఏడేళ్ళ వారంటీ. తుపాను తర్వాత బావ పని ఆగకూడదని నా పీసీ మొత్తం మూడు నెలలు బాపట్లలో వదిలేశాను. ఏప్రిల్, మే నెలల్లో రేపల్లెలో అమ్మానాన్నల దగ్గరుండి పని చేసుకుంటూ అక్కడికి మోసుకెళ్ళాను. అంటే డబ్బా ఒకటే, కరెంటు మూడు ఊళ్ళది.

ముందు ఆ గోల్డ్ బిళ్ళ సంగతి తేల్చేద్దాం. షాపులో చెప్పే మొదటి మాట "కరెంటు బిల్లు తగ్గుతుంది సార్". లెక్క వేసి చూడండి. 230 వోల్టుల దగ్గర 20 శాతం లోడ్‌లో గోల్డ్‌కి కనీసం 90 శాతం ఎఫిషియెన్సీ ఉండాలి, బ్రాంజ్‌కి 85. నా పీసీ మామూలు పనిలో 150 వాట్ల దాకా వాడుతుంది. దానికి బ్రాంజ్ గోడలోంచి 176 వాట్లు లాగితే గోల్డ్ 167 లాగుతుంది. తేడా పది వాట్లు కూడా లేదు. రోజుకి ఆరు గంటల చొప్పున ఏడాదికి 21 యూనిట్లు. యూనిట్ పది రూపాయలే వేసుకున్నా 210, 215 రూపాయలు. మంచి 650 వాట్ల బ్రాంజ్ 4,900కి దొరుకుతున్నప్పుడు, పైన పెట్టిన 4,500 తిరిగి రావడానికి ఇరవై ఏళ్ళు పైన పడుతుంది. ఈలోపు పిల్లలు కాలేజీకి కూడా వెళ్ళిపోతారు.

ఇంకోటి. 80 ప్లస్ పరీక్ష 23 డిగ్రీల దగ్గర చేస్తారు. మన దగ్గర 23 డిగ్రీలంటే స్వెట్టర్ తీసే రోజు. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే వేడికి ఆ బిళ్ళ హామీ ఏమీ ఇవ్వదు. వేడి గురించి తెలియాలంటే స్పెసిఫికేషన్లలో ఇంకో లైన్ వెతకాలి. పూర్తి వాట్లు ఎన్ని డిగ్రీల దాకా ఇస్తుందని ఉంటుంది, కొన్నిటికి 40, కొన్నిటికి 50. ఆ లైనే లేని డబ్బాని నేను నమ్మను.

నిశ్శబ్దం కూడా ప్రీమియం కిందే అమ్ముతారు. తక్కువ లోడ్‌లో ఫ్యాన్ అసలు తిరగదట. నిజమే, తిరగదు. కానీ నెత్తి మీద సీలింగ్ ఫ్యాన్ ఐదు మీద తిరుగుతుంటే ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్ తిరిగిందో లేదో ఎవరికి తెలుస్తుంది?

మరి తొమ్మిది వేలు దేనికి? నాకు తెనాలిలో తెలిసింది. మా ఇంట్లో పీసీకి విడిగా యూపీఎస్ లేదు, ఇంటి ఇన్వర్టర్ మీదే నడుస్తుంది. ఇన్వర్టర్ నార్మల్ మోడ్‌లో ఉంటే మెయిన్స్ నుంచి బ్యాటరీకి మారడానికి 40 మిల్లీసెకన్ల దాకా పట్టొచ్చు. పాత ఎస్‌ఎంపీఎస్ ఉన్నప్పుడు కరెంటు పోయిన ప్రతిసారీ పీసీ రీస్టార్ట్. ఇది పెట్టాక ఆగిపోయింది. కారణం లోపలున్న పెద్ద కెపాసిటర్. కరెంటు ఆగిన క్షణాల్లో పీసీకి అన్నం పెట్టేది అదే. ఏటీఎక్స్ 3.0 ప్రకారం 80 శాతం లోడ్‌లో 17 మిల్లీసెకన్లు నిలబెట్టాలి. 750కి 80 శాతం అంటే 600 వాట్లు. నేను వాడేది 150. అదే నిల్వ దాదాపు నాలుగింతలసేపు వస్తుంది, ఇన్వర్టర్ మారేసరికి ఇంకా మిగిలి ఉంటుంది. వీడియో రెండర్ పెట్టి 340 వాట్ల దాకా లాగుతున్నప్పుడు మాత్రం ఒకసారి రీస్టార్ట్ అయింది. లెక్క ప్రకారం అవ్వాలి కూడా. చౌక డబ్బాల్లో కోత పెట్టేది ముందు ఈ కెపాసిటర్‌లోనే. బయటికి కనపడదు కదా.

రేపల్లెలో ఇంకో సంగతి. మే నెలలో సాయంత్రం ఏడు దాటితే మల్టీమీటర్ పెట్టి చూశాను, 178 వోల్టులు. ట్యూబ్‌లైట్ కొట్టుకుంటోంది, ఫ్రిజ్ స్టెబిలైజర్ టక్ టక్‌మంటోంది. పీసీకి మాత్రం చీమ కుట్టినట్టు కూడా లేదు. ఎందుకంటే ఈ ఎస్‌ఎంపీఎస్ 100 నుంచి 240 వోల్టుల దాకా ఎంతొచ్చినా తీసుకుంటుంది. లోపలున్న యాక్టివ్ పీఎఫ్‌సీ సర్క్యూట్ దాన్ని పైకి లేపి ఒకే స్థాయిలో పెట్టుకుంటుంది. దీనికి స్టెబిలైజర్ అక్కర్లేదు, ఎవరన్నా అంటగట్టబోతే వద్దనండి. కానీ తక్కువ ధర వాటిలో కొన్నిటి లేబుల్ మీద 200-240 అనే ఉంటుంది. ఒకే పేరుతో రెండు రకాలూ అమ్ముతారు. హైదరాబాద్‌లో కూర్చుని రివ్యూ చేసేవాళ్ళకి ఈ తేడా తగలదేమో. రేపల్లెలో ఆ ఒక్క లైన్ చూడకుండా కొంటే వేసవి సాయంత్రాలు పీసీ ముట్టుకోకూడదన్నమాట.

దీనికీ ఓ బలహీనత ఉంది. నాన్న దగ్గరున్నది పాతకాలం స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్. కరెంటు పోయి దాని మీదికి మారగానే నా ఎస్‌ఎంపీఎస్ జుయ్యిమని మూలుగు మొదలెట్టింది, రెండో రోజు పీసీ ఆఫ్ అయిపోయింది. నాన్న పాత పీసీలో పీఎఫ్‌సీ లేని నాసిరకం డబ్బా అదే ఇన్వర్టర్ మీద హాయిగా నడుస్తోంది! ఆయన ఏమీ అనలేదు, నా వైపు చూసి నవ్వారు. యాక్టివ్ పీఎఫ్‌సీకి సైన్ వేవ్ కావాలి. తక్కువ ధర యూపీఎస్‌లూ బ్యాటరీ మీద మెట్లమెట్ల వేవ్ ఇస్తాయి. చాలావరకు సేవ్ చేసి షట్‌డౌన్ చేసుకునేంతసేపు సర్దుకుపోతాయి, కొన్ని పోవు. పీసీని షాపుకి తీసుకెళ్ళి, యూపీఎస్‌కి తగిలించి, ప్లగ్ లాగి చూసి కొనండి. షాపతను విసుక్కుంటే విసుక్కోనీండి.

ఇక బాపట్ల. పీసీ దింపిన రోజే బావ అన్నారు, "కేబినెట్ ముట్టుకుంటే జుమ్మంటోందిరా, నీది కూడా అంతేనా?" అంతే. పాతది కూడా అలాగే జుమ్మనేదట, అలవాటైపోయి చెప్పలేదు. గోడ సాకెట్‌లో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య మీటర్ పెడితే 40 వోల్టులు చూపించింది. రెండు మూడు వోల్టులకి మించకూడనిది అది. మూడో పిన్నుకి ఇంట్లో వైరు ఉంది, ఇంటి వెనక ఎర్త్ గుంత ఇసకలో ఎప్పుడో ఎండిపోయింది. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ ఆ లీకేజీని ఎర్త్‌లోకి పంపాలి. దారి లేకపోతే కేబినెట్ మీదికే వస్తుంది. తొమ్మిది వేలదైనా తొంభై వేలదైనా ఇందులో తేడా లేదు.

అన్నిటికంటే చెడ్డది న్యూట్రల్ తెగడం. గాలివానకి స్తంభం మీద న్యూట్రల్ ఊడితే ఇంట్లోకి 230 బదులు 400కి దగ్గరగా రావచ్చు. ఏ ఎస్‌ఎంపీఎస్ కూడా దానికి తట్టుకోదు, నాది కూడా. కాకపోతే చావులో తేడా ఉంటుంది. మంచి దాంట్లో ఓవర్ వోల్టేజీ ప్రొటెక్షన్ ఉంటుంది, తను పోయేటప్పుడు బోర్డుకీ డిస్క్‌కీ వెళ్ళే 12, 5 వోల్టుల లైన్లని కట్ చేసేస్తుంది. బావ హార్డ్ డిస్క్‌ని కాపాడగలిగేది ఏదన్నా ఉంటే అదే. ఆ ప్రొటెక్షన్ పేరున్న 4,900 బ్రాంజ్‌లోనూ ఉంటుంది, వెయ్యి రూపాయల డబ్బాలో ఉంటుందని ఎవరూ చెప్పలేరు.

కాబట్టి నా మాట ఇది. వెయ్యి నుంచి ఐదు వేలకి వెళ్ళడం తప్పనిసరి, అక్కడ బేరం వద్దు. ఐదు నుంచి తొమ్మిదికి వెళ్ళడం, పెద్ద గ్రాఫిక్స్ కార్డ్ ఉంటేనో, నాలాగా ఇంటి ఇన్వర్టర్ మీద బతికేస్తుంటేనో. లేదంటే ఆ 4,500 గోడ లోపల, గోడ వెనక పెట్టండి. నేను నా 9,400కి బాధపడటం లేదు, మళ్ళీ కొంటానా అంటే మాత్రం ఎర్తింగ్ చూసుకున్నాకే కొంటాను. వారంటీ ఏడేళ్ళన్నారు కదా అని మురిసిపోకండి, పోయిన రోజు దాన్ని పట్టుకుని విజయవాడ వెళ్ళేది మీరే. వచ్చేదాకా పని నడవడానికి మార్గం ఉందో లేదో కూడా ఆలోచించుకోండి.

బావకి చివరికి కొనిపించింది సీఎక్స్650 బ్రాంజ్, 4,900. లేబుల్ మీద 100-240 ఉందని కొట్లోనే చూసుకున్నాం. ఒక కేవీఏ లైన్ ఇంటరాక్టివ్ యూపీఎస్ 5,600, ప్లగ్ లాగి చూసే తెచ్చాం. బొగ్గు, ఉప్పు వేసి కొత్త ఎర్త్ గుంత 3,200. ఫుటేజీ ఇప్పుడు రెండు డిస్కుల్లో ఉంటోంది, పెళ్ళివాళ్ళకి పెన్‌డ్రైవ్ చేతికిచ్చేదాకా మెమరీ కార్డులు ఫార్మాట్ చేయడం లేదు.

మొన్న వెళ్ళినప్పుడు సాకెట్‌లో మళ్ళీ మీటర్ పెట్టాను. ఒకటిన్నర వోల్టు. వేసవిలో గుంత ఎండకుండా అక్క బట్టలు జాడించిన నీళ్ళు రోజూ అందులోనే పోస్తోంది.