జీర్ణరథము – నూతనాశ్వములు

పందెములలో పరుగెత్తి అలసిన పాత ర్యాలీ కారును సంపాదించి, దానిలోని జీర్ణయంత్రమును పెకలించి, ఆ స్థానమున నవీనమైన టర్బో ఇంజనును అమర్చుకొను అభిరుచి నేడు దేశదేశముల యువకులలో కానవచ్చుచున్నది. దీనిని గూర్చి పెద్దలు కొందరు "పాతదానిని పాతదిగానే ఉండనీయరాదా?" అందురు. యువకులు "బలము పెరిగిన తప్పేమి?" అందురు. వేదాంతవిచారమునకు, ఇనుప యంత్రమునకు సంబంధమేమని సాధకులు శంకింపనక్కరలేదు. కఠోపనిషత్తు మూడవ వల్లిలో జీవుని స్థితిని బోధించుటకు శ్రుతి ఎన్నుకొన్నది రథమునే గదా.

మొదటి శంక తాదాత్మ్యమును గూర్చినది. యంత్రము మారిన పిమ్మట అది ఆ కారేనా, వేరొకటియా? న్యాయవైశేషికులను అడిగినచో, అవయవము నశించిన పాత అవయవియు నశించును, మిగిలిన అవయవములతో క్రొత్త అవయవి పుట్టినది అందురు. లోకవ్యవహారము అంత కఠినము కాదు. హిందూస్థాన్ మోటార్స్ వారి అంబాసిడర్ దీనికి చక్కని నిదర్శనము. 1950ల నాటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ ఆకృతితో పుట్టిన ఆ కారులో, 1990ల ఆరంభమున, జపాను దేశపు ఇసుజు సంస్థ రూపొందించిన 1.8 లీటర్ల ఇంజనును, దానితోపాటు ఐదు గేర్ల పెట్టెను అమర్చిరి. స్టీరింగు ప్రక్కనుండిన గేరుకడ్డీ నేలకు దిగినది. అయినను దానిని చూచిన ప్రతివాడును అంబాసిడర్ అనియే పిలిచెను. 2014లో ఉత్పత్తి నిలిచిపోవువరకును ఆ నామము చెడలేదు. "ఆ దేవదత్తుడే ఈ దేవదత్తుడు" అను వేదాంతుల ఉదాహరణమునకు ఇంతకంటె ఇంటింటికి తెలిసిన దృష్టాంతము దొరకదు. కావున తాదాత్మ్యశంక వ్యవహారదశలో పెద్ద చిక్కు కాదు. చిక్కంతయు పాత్రతలో ఉన్నది.

టర్బో అనగా ఏమి? స్విట్జర్లాండునకు చెందిన ఆల్ఫ్రెడ్ బ్యూషీ 1905లో హక్కుపత్రము పొందిన ఉపాయమిది. ఇంజను వెలుపలికి విడుచు ఉష్ణవాయువు వ్యర్థముగా పోక ఒక చక్రమును త్రిప్పును. ఆ చక్రమునకు ఒకే ఇరుసున కూర్చిన రెండవ చక్రము బయటి గాలిని అదిమి ఇంజనులోనికి పంపును. గాలి అధికమైనచో ఇంధనమును అధికముగా దహించవచ్చును. నిశ్శ్వాసమునుండియే ఉచ్ఛ్వాసమునకు బలము! ప్రాణాయామ సాధకులకు ఇది వినుటకు ఇంపుగానే ఉండును గాని, అదిమిన గాలి వేడెక్కునని మరువరాదు. ఆ వేడిని చల్లార్చుటకు ఇంటర్‌కూలరు కావలెను, రేడియేటరు పెద్దది కావలెను, చక్రముల ఇరుసునకు నిర్మలమైన నూనె ఎడతెగక అందవలెను. ఒక్క యంత్రమును మార్చెదనని పూనుకొన్నవాడు చివరకు క్లచ్చి, గేరుపెట్టె, డిఫరెన్షియలు, విద్యుత్తీగల అల్లిక, ఇంధనపు పంపు, బ్రేకులు అన్నింటిని మార్చవలసివచ్చును. ముందుభాగము బరువెక్కినచో మలుపున కారు చక్రధారి మాట వినదు.

కఠోపనిషత్తు రూపకమున శరీరము రథము, ఆత్మ రథి, బుద్ధి సారథి, మనస్సు పగ్గము, ఇంద్రియములు గుఱ్ఱములు, విషయములు ఆ గుఱ్ఱములు నడచు దారులు. శ్రద్ధగా చదివినవారు ఒక విశేషమును గమనింతురు. గుఱ్ఱముల బలమును గూర్చి శ్రుతి అచట పొగడదు; అవి వశమందున్నవా లేవా అనునదే దాని విచారము. యంత్రబలమును నేటికిని అశ్వశక్తిలోనే కొలుచుచున్నాము, అయితే బజారులో విచారణ "ఎన్ని గుఱ్ఱములు?" అనుటతో ఆగుచున్నది, పగ్గమును గూర్చి ఎవరును అడుగరు. గిద్దలూరునుండి దిగువమెట్ట మీదుగా నంద్యాలకు పోవు నల్లమల కనుమలోగాని, దోర్నాలనుండి శ్రీశైలమునకు ఎక్కు కనుమలోగాని బండి నడిపినవారికి ఇది విప్పి చెప్పనక్కరలేదు. ఎక్కుటకు బలము చాలును. దిగునపుడు బ్రేకులు వేడెక్కి పట్టు వదలినచో, ఎక్కించిన బలమే శత్రువగును. మార్కాపురము చెన్నకేశవస్వామి రథోత్సవమునను వేలమంది లాగుట ఒక ఎత్తు, చక్రముల క్రింద కొయ్యదిమ్మలు వేసి వేళకు నిలుపుట మరియొక ఎత్తు. దిమ్మలు వేయువానిని ఎవరును పొగడరు.

పందెముల చరిత్రయు దీనినే చూపుచున్నది. 1980లలో గ్రూప్ బి అను తరగతిలో టర్బో బలము హద్దులు మీరెను. 1986 మే 2న కార్సికా ద్వీపమున హెన్రి టోయివోనెన్, ఆయన సహచోదకుడు సెర్జియో క్రెస్టో తమ లాంచియా డెల్టా ఎస్4 కారుతో లోయలో పడి దహనమైరి. ప్రమాదకారణము నిశ్చయముగా తేలలేదు. అయినను ఆ సంవత్సరాంతముతో ఆ తరగతిని ప్రపంచ పందెములనుండి తొలగించిరి. తరువాతి కాలమున టర్బోకు గాలి పోవు ద్వారమునకే ఒక సన్నని కంఠమును బిగించి బలమును నియమించిరి. 1995 నాటికి దాని వ్యాసము 34 మిల్లీమీటర్లు. ఆ సంవత్సరమే కాటలోనియా పందెమున టొయోటా జట్టు కార్లలో ఒక అద్భుత చమత్కృతి బయటపడెను. గొట్టము బిగించియున్నంతవరకు కంఠము జరిగి, ప్రక్కనుండి గాలి దొంగతనముగా లోనికి పోవును. తనిఖీకై విప్పగానే లోపలి స్ప్రింగులు దానిని యథాస్థానమున నిలుపును. ఆ పనితనమును అధికారులే మెచ్చుకొనిరి. మెచ్చుకొనియే ఆ సంవత్సరపు గణనలన్నిటిని కొట్టివేసి, పండ్రెండు నెలలు నిషేధించిరి. బాహ్యమున కర్మేంద్రియములను నిగ్రహించి లోపల విషయములను అనుభవించువానిని గీత మిథ్యాచారుడు అన్నది. ఆ పదమునకు ఇనుముతో చేసిన వ్యాఖ్యానమిది.

అట్లని యంత్రపరివర్తనమే దోషమనుట సరికాదు. ఆగమములే జీర్ణోద్ధరణమును విధించినవి. అయితే ఆ విధిలోని క్రమమును చూడుడు. ముందు దైవకళను కలశమునకు ఆకర్షించి బాలాలయమున నిలుపుదురు, పిదప జీర్ణభాగమును ముట్టుదురు, పని ముగిసినపిదప సంప్రోక్షణము. శిథిలమైన పునాదిమీద క్రొత్త శిఖరమును ఏ స్థపతియు ఎత్తడు. పాత కారునకును ఇదే క్రమము తగును: మొదట తుప్పుపట్టిన చట్రమును బాగుచేయుట, పిదప బ్రేకులు, చక్రాధారములు, కడపట యంత్రము. ధనమంతయు ఇంజనుకే వెచ్చించి "బ్రేకులు తరువాత చూచుకొందము" అనువాని కారులో ఎక్కరాదు.

చట్టమును కూడ తేలికగా తీసుకొనరాదు. 1988 మోటారు వాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము, నిర్మాత పేర్కొని నమోదుపత్రమున వ్రాయబడిన వివరములకు భిన్నముగా వాహనమును మార్చరాదు. 2019 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానమును దీనినే నొక్కిచెప్పినది. మూసిన పందెపు బాటలో నడుపునది వేరు, కంభము సంతకు నడుపునది వేరు. పాత ర్యాలీ కార్లకై అంతర్జాతీయ సమాఖ్య ఇచ్చు చారిత్రక పత్రమును, కారు తన కాలపు నిర్మాణముతోనే ఉండవలెనని కోరును. క్రొత్త టర్బో ఎక్కిన కారు ఆ పంక్తిలో కూర్చుండజాలదు.

కావున, ఇంత తెలిసియు యంత్రమును మార్చదలచినవాడు, దింపిన పాత ఇంజనును తూకమునకు అమ్మివేయకుండుట మంచిది. దానిమీద చెక్కిన సంఖ్య ఆ కారు గోత్రము వంటిది. నూనె పూసి, గుడ్డచుట్టి, తేమ తగులని మూల భద్రపరచినచో, ఏనాడైన ఆ కారు తన మొదటి పంక్తికి తిరిగి చేరగోరినపుడు పనికివచ్చును.