కరదీపిక ఏమైనది?
ట్రాన్స్‌జెండర్ బాలబాలికలను పాఠశాలలో ఎట్లు ఆదరింపవలెనో ఉపాధ్యాయులకు తెలుపుటకై 2021లో ఎన్‌సీఈఆర్‌టీ వెలువరించిన కరదీపిక, జాతీయ బాలల హక్కుల రక్షణ కమిషను ఆక్షేపించినదే తడవుగా వెబ్‌సైటునుండి అదృశ్యమైనది. అందలి వైద్యవిషయములు వివాదాస్పదములగుచో సవరింపవచ్చును. మొత్తమును మాయము చేయనేల? తరగతిలో ఈ ప్రసక్తి వచ్చినంతనే పిల్లలు చెడిపోవుదురని వాపోవు తలిదండ్రులే, వయ్యారపు నడకగల మగవానిని నవ్వులపాలు చేయు ఫిలింనగరు హాస్యమును ఆ పిల్లల ప్రక్కనే కూర్చుండి ఆస్వాదింతురు. మరునాడు బడిలో ఎవడో యొక బాలునికి ‘ఎర్రగడ్డ పిచ్చాసుపత్రికి పో’ అను వెక్కిరింత తప్పదు. స్వలింగాకర్షణ రోగము కాదని భారతీయ మనోవైద్య సంఘము 2018లోనే విస్పష్టముగ ప్రకటించినది గాని, ఆ మాట బడిగడప దాటలేదు. తోటివారికి వెరచి మరుగుదొడ్డికి పోక, పొద్దంతయు నీరు త్రాగక కూర్చుండు బిడ్డను చూచిన పంతులమ్మ ఇప్పుడు ఏ పుస్తకము తెరువవలెను?